మా నాయన గోబీ బండి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆకలికి భయపడేవాళ్ళే గానీ, తిండికి భయపడేవాళ్ళు లేరు. దొరికిందే భాగ్యం అనుకునే కరువు నేల మాది. తిండిని చూసి వణకడం నేను మా ఇంట్లోనే నేర్చుకున్నాను.

బత్తలపల్లెకు దగ్గరే మా ఊరు. వానలు ముఖం చాటేసి, వేసిన వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోతే, మా నాయన బెంగళూరుకు కూలికి పోయాడు. అక్కడ గోబీ మంచూరియా చెయ్యడం నేర్చుకుని వచ్చి, బత్తలపల్లెలో బస్సులు ఆగేచోట సొంత బండి పెట్టాడు. దానిమీద ‘ఫాస్ట్ ఫుడ్’ అని పెద్ద అక్షరాలతో రాయించాడు. అంతవరకూ ఉగ్గాని బజ్జీ తప్ప ఇంకో చిరుతిండి ఎరగని జనం బండిమీద ఎగబడ్డారు. మా బడిపిల్లలైతే ఇంట్లో సంగటి ముట్టడమే మానేశారు. గోబీ ఎంత ఎర్రగా ఉంటే అంత రుచి అని అందరి నమ్మకం. కాస్త రంగు తగ్గితే ప్లేటు వెనక్కి ఇచ్చేవాళ్ళు. బడిలో నన్ను ‘గోబీవాళ్ళ పాప’ అనేవాళ్ళు. నేను నేలమీద నడిచేదాన్ని కాదు.

ఒకరోజు పొద్దున్నే, అమ్మా నాయనా కూరగాయల కోసం ధర్మవరం పోయినప్పుడు, మా తమ్ముడు కంపచెట్ల వెనకనుంచి నిక్కరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “అక్కా, రక్తం పోతాండాది” అన్నాడు. పోయి చూస్తే నిజమే, మట్టిమీద ఎర్రటి తడి. ముందురోజు బండిలో మిగిలిన గోబీ ఇంటికి తెస్తే చాలావరకు వాడే తిన్నాడు. వాడు చచ్చిపోతాడనే అనుకున్నాను. వాడికి మాత్రం తన ప్రాణం కన్నా ఇంకో బెంగ ఎక్కువగా ఉంది. “నాయనకు చెప్పొద్దు. బండి మూసేసి మళ్ళా బెంగళూరుకు పోతాడు” అని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

ఆ ఒట్టును కడుపులో పెట్టుకుని బడికి పోయాను. అయ్యవారు హాజరు పిలుస్తుంటే, రోజూ నా పక్కన కూర్చునే పిల్ల పలకలేదు. ఆ పిల్ల ముందురోజు మా బండి దగ్గర ఇష్టంగా తిని, నా ఎదుటే వేళ్ళు కూడా నాకింది. ఆ ఖాళీ జాగా పక్కన కూర్చోవాలంటే నాకు ఒళ్ళు చల్లబడింది. చుట్టూ చూస్తే క్లాసులో సగంమంది మా గోబీ తిన్నవాళ్ళే. ఎవరు దగ్గినా, ఎవరు కడుపు పట్టుకున్నా నా గుండె ఆగిపోయేది. నేనూ నాలుగు ముక్కలు తిన్నాను కదా అని గుర్తొచ్చాక ఇక కూర్చోలేకపోయాను. మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికి పరుగు తీశాను.

అప్పుడే మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, ధర్మవరం బస్సు దిగి వస్తోంది. చీరలు నేసే పట్టుకు రంగులు అద్దే ఇంట్లో ఆమె పనిచేసేది. మా పాత గుడ్డలకు వేయడానికి మిగిలిన రంగుపొడిని అప్పుడప్పుడు ఒక డబ్బాలో తెచ్చి గూట్లో పెట్టేది. ఒట్టు సంగతి మరిచిపోయి ఏడుస్తూ అంతా చెప్పేశాను. అవ్వ నేరుగా వంటింట్లోకి పోయింది. గిన్నె అడుగున మిగిలిన గోబీని వేడినీళ్ళలో వేసి, తన చీరకొంగున ముడేసుకున్న తెల్లటి పట్టుపోగులు కొన్ని అందులో ముంచింది. తీసి చన్నీళ్ళలో ఎంత పిండినా వాటి ఎరుపు పోలేదు. తర్వాత గూట్లోని డబ్బా మూత తీసి, పొడి తగ్గి ఉండడం చూసి, అలాగే నేలమీద కూలబడింది.

“ఇది రక్తం కాదులేరా, రంగు” అని తమ్ముణ్ణి దగ్గరకు తీసుకుంది. రక్తం కాదన్నందుకు నా భయం తీరాలి కదా. కానీ వాడి వీపు నిమురుతూనే అవ్వ మాటిమాటికీ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడడం గమనించాను. పెద్దవాళ్ళకు కూడా భయం వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. అది తెలిశాక ఇక ఎవరి వెనక దాక్కోవాలో తోచలేదు.

నాయన రాగానే అవ్వ ఆ పోగులు చూపించింది. ఆయన ముఖం పాలిపోయింది. “తిండిలో వేసే రంగు అయిపోయింటే నీ డబ్బాలోది ఇంత వేసినా. ఎరుపు ఎరుపే కదా అనుకొంటి” అన్నాడు.

“పట్టును పట్టిన రంగు పేగును వదుల్తాదా?” అంది అవ్వ.

తమ్ముణ్ణి సర్కారు ఆస్పత్రిలో చూపించారు. నీళ్ళు బాగా తాగించండి, రెండు పూటలు కనిపెట్టి ఉండండి అన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చాక, బండి తీసే వేళయిందని నాయన లేవబోతే అవ్వ గడపకు అడ్డంగా నిలబడింది. “నిన్న నీ చేతి తిండి తిన్నోళ్ళ ఇండ్లకు పో. ఏమేసినావో చెప్పు. ఎట్లుండారో అడుగు” అంది. కొడతారమ్మా అన్నాడు నాయన. కొడితే కొట్టించుకోమంది. ఏ పిల్లలు తిన్నారో నాకు తెలుసని నన్ను కూడా పంపింది.

ఆ సాయంత్రం నడిచిన దారి ఇప్పటికీ కలలోకి వస్తుంది. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. మొదట నా పక్కన కూర్చునే పిల్ల ఇంటికే పోయాం. తెల్లవారుజామునుంచి వాంతులతో ఆ పిల్ల చాపమీద వడిలిపోయి ఉంది. నాయన గుమ్మంలోనే నిలబడి, దాచకుండా అంతా చెప్పాడు. వాళ్ళ నాయన వచ్చి మా నాయన చొక్కా పట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. మా నాయన విడిపించుకోలేదు. “కొట్టన్నా, వద్దనను. ముందు పాపను ఆస్పత్రికి తీసుకపోదాం” అన్నాడు. ఆ మాటకు చొక్కా పట్టిన చెయ్యి దానంతట అదే వదిలింది. ఆటోలో ఆ పిల్లను ఒడిలో పెట్టుకుని కూర్చున్నది కూడా మా నాయనే.

ఆ పిల్లకు సెలైను పెట్టాక మిగతా ఇళ్ళు తిరిగాం. కొందరు తిట్టారు, కొందరు ముఖంమీదే తలుపు వేశారు. ఒక ముసలమ్మ మాత్రం “వచ్చి చెప్పినావు, దానికే సంతోషమప్పా” అని మజ్జిగ ఇచ్చింది. అది తాగుతూ నాయన ఏడ్చాడు. ఇక బస్సు ప్రయాణికులు మిగిలారు. తిని, చేతులు తుడుచుకుని, కళ్యాణదుర్గమో కదిరో ఏ ఊరికి పోయారో తెలియనివాళ్ళు. వాళ్ళ తలుపు ఎక్కడని తట్టాలి? చాలారోజులపాటు నాయన ఆగిన ప్రతి బస్సులోకీ తొంగి చూసి, ఆనాటి ముఖాలకోసం వెతికేవాడు.

దేవుడి దయవల్ల తమ్ముడూ, ఆ పిల్లా కోలుకున్నారు. కొన్నాళ్ళకు నాయన బండి మళ్ళీ తీశాడు, ఏ రంగూ లేకుండా. జనం ఆ తెల్ల గోబీని చూసి ముఖం తిప్పుకుని, ఎదురుగా కొత్తగా వెలిసిన ఇంకో ఎర్ర గోబీ బండి దగ్గరకు పోయేవాళ్ళు. మాకు తిండికి సరిపోయేంత బేరం మాత్రం జరిగేది. నాయన మళ్ళీ బెంగళూరు మాట ఎత్తలేదు.

ఇప్పుడు అనంతపురంలో సందుకో ఫాస్ట్ ఫుడ్. మా ఇంట్లో నా మనవలు ఫోను నొక్కితే చాలు, అరగంటలో తలుపు దగ్గరికే పొట్లం వస్తుంది. రుచిగానే ఉంటుంది, నేనూ తింటాను, అబద్ధమెందుకు. తెచ్చిన అబ్బాయి గస పెడుతూ ఇచ్చేసి పోతాడు. వండినవాళ్ళెవరో అతనికీ తెలియదు, మాకూ తెలియదు. మేము ఎవరిమో వండినవాళ్ళకు అసలే తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కరైనా మరునాడు వచ్చి, నిన్న మా తిండి తిన్నారు, ఎట్లా ఉన్నారని అడగలేదు. నా భయమంతా దాని గురించే.

మా ఇంట్లో ఎవరు తిని చెయ్యి కడిగినా, మరునాడు పొద్దున వాళ్ళకు ఫోను చేస్తాను. ఈ అవ్వకు చాదస్తమని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. అవతలివాళ్ళు ఎత్తేదాకా నాకు ఊపిరాడదు. “బాగుండాం” అన్న మాట చెవిన పడ్డాకే, ముందురోజు నేను వండిన వంట పూర్తయినట్టు.