పాస్టరుగారింట్లో రెండు పొయ్యిలు

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకొని బయటికి వచ్చేసరికి మా గుడి ప్రహరీ పక్కన పెద్ద వ్యాను ఒకటి ఆగి ఉంది. అనంతపురంలో నేను వెళ్ళే సంఘానికి కొత్త పాస్టరుగారు వస్తున్నారని కొంతకాలంగా అనుకుంటున్నదే. ఆ సామాను ఆయనది. ఒకే రంగు చొక్కాలు వేసుకున్న మనుషులు ఫ్రిజ్జును, వాషింగ్ మిషన్ను, దుప్పట్లు చుట్టిన బీరువాలను దించుతూ ఉంటే, పాస్టరుగారి భార్య గుమ్మంలో నిలబడి ఏ పెట్టె ఏ గదిలోకి వెళ్ళాలో నెమ్మదిగా చెబుతూ ఉంది. చదువుకున్న పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల, మమ్మల్నందరినీ పేరు పేరునా పలకరించింది. నా ఈడు ఆడవాళ్ళం కొందరం కాసేపు అక్కడే నిలబడి, మనం చెయ్యి వేయవలసిన పనేమీ లేదని తెలుసుకొని, ఎవరి దారిన వాళ్ళం ఇళ్ళకు బయలుదేరాం. ఆటోలో కూర్చున్న తరువాత, నా చిన్నప్పుడు మా సామాను వేసుకొని గార్లదిన్నె దాటి వెళ్ళిన లారీ జ్ఞాపకం వచ్చింది.

నేను పాస్టరు కూతుర్ని. నా తరంలో అలాంటి ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు వివరించి చెప్పవలసిన పని లేదు. ఎక్కడికి పంపిస్తే అక్కడికి వెళ్ళడం, ఎవరో కట్టిన ఇంట్లో ఇంకెవరో కొట్టిన మేకులకు మన బట్టలు తగిలించుకోవడం, ఆ ఊరివాళ్ళ వరసలు నోటికి అలవాటయ్యేలోపల మళ్ళీ మూటలు కట్టుకోవడం, ఇదే మా బాల్యం. మా నాయన అప్పటిదాకా నంద్యాల పక్క ఒక కాలవ కింది ఊళ్ళో ఉండేవాడు. వరి పండేది, ఇంటి వెనక అరటిచెట్లు ఉండేవి, మా తమ్ముడు రోజంతా తడికాళ్ళతో తిరిగేవాడు. గార్లదిన్నె అవతల ఒక మెట్ట ఊళ్ళో పాస్టరుగారు ఆ వేసవిలో ఉన్నట్టుండి చనిపోయారని, సంఘాన్ని చూసుకునేవాళ్ళు లేరని పెద్దలు చెబితే నాయన మారు మాట్లాడలేదు. అమ్మ మాత్రం అక్కడ వరి పండుతుందా అని ఒక్కసారి అడిగిందట. పండదని నాయన చెప్పాడట. అంతటితో ఆ సంభాషణ అయిపోయింది.

వేరుశనగ మూటలు దించి ఖాళీగా తిరిగి పోతున్న లారీ ఒకటి దొరికితే, అందులో మంచాలు, ట్రంకుపెట్టెలు, బుట్టకింద నాలుగు కోళ్ళు, వాటి మధ్య మేము. దారి పొడుగునా ఎర్రనేల, దున్ని వదిలేసిన చేలు, వాన కోసం ఎదురుచూసి విసిగిపోయినట్టున్న ఆకాశం. ఊరు చేరేసరికి పాస్టరు ఇంటి ముందు జనం ఉన్నారు. మన కోసమే వచ్చారనుకొని అమ్మ కొంగు సర్దుకొని దిగింది. వాళ్ళు మా వైపు చూడనే లేదు. గుమ్మంలో నిలబడి ఉన్న ఒక పెద్దావిడ చుట్టూ చేరి కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆమె చనిపోయిన పాస్టరుగారి భార్య. ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నదన్న సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఇంటిని పేరుకు బంగళా అనేవాళ్ళు గానీ, ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు, ముందర వసారా. ఆమె తన మంచాన్ని, పెట్టెను లోపలి గదిలో ఒక మూలకు జరుపుకొని, తక్కినదంతా మాకోసం ఊడ్చి ఉంచింది. రాగిసంగటి కెలికి, ఊరుబిండి అని అక్కడివాళ్ళు పిలిచే వేరుశనగల పచ్చడి నూరి సిద్ధంగా పెట్టింది. తమ్ముడు అన్నం కావాలని ఏడ్చాడు. నేను ముద్ద మింగలేక నీళ్ళు తాగుతూ కూర్చున్నాను. అమ్మ మాత్రం వడ్డించినదంతా తలవంచుకొని తిన్నది. ఆ పెద్దావిడకు పిల్లలు లేరు. పెళ్ళయిన నాటినుంచి సంఘాల ఇళ్ళల్లోనే బతికిన మనిషి, సొంతమని చెప్పుకోవడానికి ఒక గుడిసె కూడా లేదు. మేము ఆమెను పెద్దమ్మా అని పిలవాలని నాయన ఆ రోజే చెప్పాడు.

వసారాలో చనిపోయిన పాస్టరుగారి చేతుల కుర్చీ ఒకటి ఉండేది. దానిలో కూర్చోవడానికి నాయనకు మనసొప్పక, వచ్చినవాళ్ళతో నిలబడే మాట్లాడేవాడు, లేకపోతే చాప మీద కూర్చునేవాడు. కొన్ని వారాలు చూసి పెద్దమ్మే ఒకనాడు ఆ కుర్చీని తడిగుడ్డతో తుడిచి, నిలబడి ప్రసంగం చేసేది గుళ్ళో చాలు, ఇంట్లో కూర్చోమని చెప్పింది. నాయనకు ఆమెతో ఇబ్బందేమీ ఉండేది కాదు. మగవాళ్ళకు గుడి ఉంది, తిరగడానికి ఊళ్ళున్నాయి. ఇబ్బంది అంతా ఒక వంటింట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళది.

ఊరికి తాగునీళ్ళు ఒకే బావినుంచి. మధ్యాహ్నానికి అడుగు కనిపించేది గనుక ఆడవాళ్ళు పొద్దున్నే బిందెలు వరసగా పెట్టుకునేవారు. అమ్మ వెళ్ళిన మొదటి రోజే బావి దగ్గర ఒకావిడ, "అది కొత్తమ్మ బిందె, ఆడ పెట్టు. అమ్మగారిది ముందు నింపుదాం" అన్నది. అందులో ద్వేషం ఏమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. వాళ్ళకు అమ్మగారంటే పెద్దమ్మే, అలవాటు, అంతే. కానీ ఒకే ఇంటికి వెళ్ళవలసిన రెండు బిందెల్లో ఒకటి ముందు, ఒకటి వెనక నిలవడం అమ్మ మనసులో ఉండిపోయింది. పసిబిడ్డకు జ్వరం వస్తే బిడ్డ తల్లి అమ్మను దాటుకొని లోపలి గదిలోకి వెళ్ళి పెద్దమ్మ ముందు మోకరించేది. ఇంట్లో గొడవయితే పెద్దమ్మకే చెప్పుకునేవారు. అమ్మ వండిన కూరలో పెద్దమ్మ అడగకుండానే ఇంత ఉప్పు వేసేది. ఆమె తోమి పెట్టిన గిన్నెలను అమ్మ మళ్ళీ తోమేది. ఇద్దరూ గొంతు పెంచేవాళ్ళు కారు. పాస్టరు ఇంట్లో గొంతు పెంచకూడదు కాబట్టి గిన్నెలే చప్పుడు చేసేవి.

ఆ ఏడు వాన రాలేదు. ఈ మాట మా జిల్లా గురించి ఏ ఏడైనా రాయవచ్చుననుకోండి. గింజలు వేసినవాళ్ళు వేశారు, మొలిచినవి మాడిపోయాయి. గుళ్ళో ఉపవాస ప్రార్థనలు, మసీదులో నమాజులు, ఊరి దేవతకు జాతర, ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. అంగడి శెట్టి నాయనను దారిలో ఆపి, "ఏమప్పా పాస్టరూ, మా దేవుణ్ణి అడిగి అడిగి నోరు నొస్తాండాది, నువ్వన్నా గట్టిగా అడుగప్పా" అన్నాడని నాయన ఇంటికొచ్చి చెబితే, ఆ ఇంట్లో అమ్మ, పెద్దమ్మ ఒకేసారి నవ్వడం నేను మొదట చూసింది అప్పుడే. నవ్విన తరువాత ఇద్దరూ ఎవరి పనిలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

క్రిస్మస్ దాటాక పెద్దమ్మ గుడికి రావడం మానేసింది. కాళ్ళ నొప్పులని చెప్పింది. ఆమె రాకపోతే ఆడవాళ్ళు అమ్మ పక్కన కూర్చుంటారని ఆమె ఉద్దేశం. జరిగింది వేరు. కొత్తమ్మే ఆమెను రానివ్వడం లేదని సంఘస్థులుండే పేటలో పుట్టిన మాట, మాకు తెలియడానికి ముందే ఇంటింటికీ వెళ్ళిపోయింది. అమ్మ దగ్గరికి వచ్చే ఒకరిద్దరు కూడా ఆగిపోయారు. ఆడవాళ్ళ కూడికలో అమ్మ పాట ఎత్తుకుంటే రెండో గొంతు కలవని రోజు నాకు గుర్తుంది. అమ్మ ఆ పాటను చివరిదాకా ఒక్కతే పాడింది.

సంఘపెద్ద చెడ్డవాడు కాడు. చనిపోయిన పాస్టరుగారి పాడె మోసినవాడు. కానీ పాస్టరు ఇంట్లో పనిలో ఉన్న పాస్టరు కుటుంబమే ఉండాలన్నది నియమం. ఇంట్లో ఇద్దరికీ పడటం లేదన్న మాట ఊరంతా ఉంది. పై పెద్దలు వచ్చి అడిగితే ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు. అందుకని తాడిపత్రిలో ఉన్న పెద్దమ్మ తమ్ముడి కొడుకుతో మాట్లాడి వచ్చాడు. వాళ్ళింట్లో చిన్నపిల్లలున్నారు, చూసుకోవడానికి మనిషి కావాలి, సరే పంపించమన్నారు. మరునాడు పెద్దమ్మ తన చీరలను మడతపెట్టి పెట్టెలో సర్దుకోవడం అమ్మ వాకిలి దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. లోపలికి మాత్రం వెళ్ళలేదు.

ఆ ఆదివారం ఆరాధన చివర సంఘపెద్ద లేచి, మన అమ్మగారు బంధువుల దగ్గరికి వెళుతున్నారు, అందరూ సాయంత్రం వచ్చి ప్రార్థన చేసి సాగనంపాలి అని చెప్పాడు. కొన్ని తలలు మెల్లగా మా అమ్మ వైపు తిరిగాయి. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి అమ్మ లేచి నిలబడింది. పాస్టరు భార్య గుళ్ళో లేచి మాట్లాడటం అప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు. నాయన మొహం చూస్తే ఆయనా చూడలేదని తెలుస్తూనే ఉంది.

"పెద్దాయనా, అమ్మగారు యాడికీ పోరు" అన్నది అమ్మ. "ఆ ఇల్లు ఆమెదీ కాదు, నాదీ కాదు. రేపు మా ఆయనకేమన్నా అయితే నేనూ పిల్లోళ్ళూ ఇట్లనే పెట్టె సర్దుకోవాల. ఆ పొద్దు మమ్మల్ని గూడా ఇట్లనే ప్రార్థన చేసి పంపిస్తారా?"

"పొమ్మనలేదు తల్లీ. రెండు రూముల్లో ఎట్ల సర్దుకుంటారని" అన్నాడు సంఘపెద్ద.

"సర్దుకోలేకనే ఉండాం. అయినా ఉండాం గదా" అని అమ్మ కూర్చుంది.

నాయన ఆశీర్వాదం చెప్పడం మరచిపోయి, ఎవరో గుర్తు చేస్తే చెప్పాడు.

ఇంతవరకే చెప్పి ఆపితే కథ బాగుంటుంది గానీ, ఇంటికి వచ్చిన తరువాత జరిగినది కూడా చెప్పాలి. సంగతి అప్పటికే ఎవరో మోసుకొచ్చారు. పెద్దమ్మ అమ్మను దీవించలేదు, కౌగిలించుకోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ ఇంట్లో మొట్టమొదటిసారి గొంతు పెంచింది. "నన్నొక మాట అడిగితివా? నా బతుకును గుడి నడిమధ్య పెట్టి మాట్లాడితివే. పోతానో ఉంటానో చెప్పుకునే దానికి నాకు నోరు లేదా?"

నిజమే, అమ్మ అడగలేదు. ఆ తరువాత కొన్నాళ్ళు ఆ ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చేయలేదు. పెద్దమ్మ పెట్టె సర్దినది సర్దినట్టే ఉంది, ఆమె వెళ్ళనూ లేదు. ఒక పొద్దున అమ్మ పొయ్యి ఊదుతూ ఉంటే ఆమె వచ్చి పక్కన కూర్చొని, "ఉంటా. కానీ నీ పొయ్యి కాడ కాదు. నాకొక పొయ్యి ఉండాల" అన్నది.

"ఉంటే మంచిదేలే అక్కా" అన్నది అమ్మ. అప్పటిదాకా ఆమెను అమ్మగారూ, మీరూ అని తప్ప పిలిచి ఎరగదు.

చేలల్లో పనిలేని ఏడు కాబట్టి మగవాళ్ళంతా ఖాళీగా ఉన్నారు. గుట్టనుంచి రాళ్ళు తెచ్చారు, లారీ నడిపే సంఘస్థుడొకడు కప్పుకు బండలు వేసుకొచ్చాడు, సంఘపెద్ద తానే నిలబడి గోడ కట్టించాడు. బంగళాకు ఆనించి ఒక చిన్న గది, దాని ముందర ఒక పొయ్యి. పెద్దమ్మ తన మంచాన్ని తానే ఒక కొస పట్టుకొని అందులోకి మార్చుకుంది. చిత్రమేమిటంటే, పొయ్యిలు వేరయిన తరువాతనే వాళ్ళిద్దరూ కలిసి తినడం మొదలుపెట్టారు. సాయంత్రం ఆమె సంగటి ఇటు వచ్చేది, అమ్మ చేసిన చారు అటు వెళ్ళేది. ఉప్పు ఎక్కువయిందని ఒకరు, ఉడకలేదని ఒకరు మొహం మీదే చెప్పుకునేవారు, అలిగేవారు, మరునాటికి మరిచేవారు. సంగటి గడ్డకట్టకుండా కెలకడం నేను పెద్దమ్మ పక్కన కూర్చొని నేర్చుకున్నాను. పేట ఆడవాళ్ళు మొదట పెద్దమ్మ గదికి వచ్చి, అక్కడ అమ్మ కూడా కూర్చొని ఉంటుంది కాబట్టి అమ్మతోనూ మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. ఒక కాన్పుకు ఇద్దరినీ కలిపి పిలిచారు. ఆ తరువాతి కాన్పుకు పెద్దమ్మ తనకు ఓపిక లేదని అమ్మను ఒక్కదాన్నే పంపించింది. నిజంగా ఓపిక లేకనో, కాదో నాకు తెలియదు.

కొన్నేళ్ళకు నాయనకు కదిరి వైపు మార్పు వచ్చింది. మేము లారీ ఎక్కేటప్పుడు పెద్దమ్మ ఏడవలేదు. మా తరువాత వచ్చే పాస్టరుగారి భార్య ఎలాంటిదోనని మాత్రం అమ్మను రెండుసార్లు అడిగింది. ఆ గదిలోనే, ఆ సంఘంలోనే చివరిదాకా ఉన్నది. ఆమె పోయిన కబురు మాకు చేరేసరికి భూస్థాపన కూడా అయిపోయింది. అమ్మ, నాయన బస్సెక్కి వెళ్ళి వచ్చారు. సమాధి దగ్గర నాయన ప్రార్థన చేశాడని, అమ్మ ఆ తరువాత గదిలోకి వెళ్ళి పొయ్యిలో బూడిద ఎత్తి, ఊడ్చి, తలుపు చేరవేసి వచ్చిందని నాయన చెప్పాడు. నాయన పోయిన తరువాత అమ్మ అనంతపురంలో నా దగ్గరే ఉంది. ఎవరూ పొమ్మనని ఇంట్లో, తన సొంత గదిలో కన్నుమూసింది. అంతవరకు సంతోషం.

ఇప్పటి పాస్టర్లు చాలామంది పనిలో ఉండగానే బుక్కరాయసముద్రం వైపు లేచిన కొత్త వీధుల్లో తమకంటూ ఇంత చోటు చూసుకుంటున్నారు. మంచిదే. భర్త పోయిన ఆడమనిషి తన మంచాన్ని ఏ మూలకు జరుపుకోవాలా అని ఆలోచించే రోజులు పోవలసినవే, పోయాయి. ఆ కాలం మళ్ళీ రావాలని నేను కోరుకోను. సంఘంలో ఎవరింటికి వెళ్ళినా ఇప్పుడు ముందు గదిలో సోఫా మీద కూర్చోబెడతారు, చల్లని నీళ్ళు ఇస్తారు, ప్రార్థన చేసుకుంటాం, గుమ్మం దాకా వచ్చి సాగనంపుతారు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. ఒకరి కూరలో ఉప్పు తక్కువయిందని ఇంకొకరికి తెలిసే వీలే లేదు. పోట్లాడుకునేటంత దగ్గరగా ఇప్పుడు మేమెవరమూ లేము.