ఉదయం వరుసలో తిరిగిన రెండో కాగితం

2021 మార్చిలో నన్ను దుబాయ్ ప్రాజెక్టు నుంచి అబుదాబీ ముసఫ్ఫాలోని ఐకాడ్ పారిశ్రామిక వాడకు బదిలీ చేశారు. హోదా సేఫ్టీ ఆఫీసరు. మాది ఉక్కు గోదాములు కట్టే కంపెనీ. సైటులో రెండు వందల ముప్ఫై మంది కార్మికులు, వాళ్ల మీద ఫోర్‌మన్లు, ఫోర్‌మన్ల మీద ఇంజినీర్లు, అందరి మీద ముదీర్, అంటే ప్రాజెక్టు మేనేజరు. సేఫ్టీ ఆఫీసరు ఎవరి కిందికీ రాడని కంపెనీ నియమావళిలో రాసి ఉంది. ఎవరి పైకీ రాడన్నది రాయలేదు గానీ అమల్లో ఉంది. నేను చేరిన మొదటి సోమవారం సమీక్షా సమావేశంలో పది మందికి తొమ్మిది కుర్చీలు వేశారు. నిలబడిన పదో మనిషిని నేను. పొరపాటు అనుకున్నాను. ఆ పొరపాటు నాలుగేళ్లపాటు ప్రతి సోమవారం క్రమం తప్పకుండా జరిగింది. ముదీర్ నన్ను పేరుతో ఎన్నడూ పిలవలేదు. "సేఫ్టీ" అనేవాడు, కుక్కర్ మీద ఉండే వాల్వును పిలిచినట్టు.

నా ఉద్యోగంలో ముఖ్యమైన పని టూల్‌బాక్స్ టాక్. పని మొదలయ్యే ముందు కార్మికులందరినీ వరుసల్లో నిలబెట్టి, ఆ రోజు ప్రమాదం గురించి పది నిమిషాలు చెప్పాలి. చెబుతుండగానే హాజరు పట్టీ అట్టకు క్లిప్పు పెట్టి వరుసలో తిరుగుతుంది. విన్నామని అందరూ సంతకం పెడతారు. చివరన నేను ధ్రువీకరించి సంతకం చేస్తాను. ఆ పట్టీలు ఆకుపచ్చ అలమారాలో భద్రంగా ఉంటాయి. తనిఖీకి వచ్చినవాళ్లు అలమారా తెరిచి, సంతకాలు చూసి, తృప్తిగా మూసేవారు. ఏటా నాకు పూర్తి మార్కులు వచ్చేవి. ఆ మార్కుల అభినందన పత్రం ముదీర్ గదిలో వేలాడేది, ముదీర్ పేరు మీద.

ఇక అన్నం సంగతి. మధ్యాహ్నం తినే బాక్సు కార్మికులు ఉండే క్యాంపులో తెల్లవారక ముందే చేతికిస్తారు. అయిదింటికి బస్సు. తినేది పన్నెండున్నరకు. మధ్యలో ఏడెనిమిది గంటలు ఆ బాక్సు ఎండలో, ఇనుము పక్కన ఉంటుంది. వేసవిలో దాని గతి ఏమవుతుందో చెప్పడానికి సేఫ్టీ చదువు అక్కర్లేదు. మావాళ్లలో దీనికో ఆచారం పుట్టింది. షెడ్డులో కూర్చోగానే ఎవరి బాక్సు వాళ్లు వాసన చూసుకోరు. మూత తీసి పక్కవాడికి ఇస్తారు. ఆకలిగా ఉన్నవాడి ముక్కు అబద్ధమాడుతుందని వాళ్ల అనుభవం. పక్కవాడు చూసి "ఉంది" అంటే తినాలి, "పోయింది" అంటే పారెయ్యాలి. ఫ్రెండ్ అయినా పగవాడైనా ఆ ఒక్క మాట మాత్రం నిజం చెప్పాలి. అన్నం పోయినవాడికి మిగతావాళ్లు తలా పిడికెడు పెట్టేవారు. ఫోర్‌మన్లకూ ఇంజినీర్లకూ ఈ ఆచారం తెలియదు. వాళ్లు ఏసీ ఆఫీసులో ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చేసుకుని తింటారు.

వంట క్యాంపులో కాకుండా సైటు దగ్గర చేయించి వ్యాన్‌లో వేడిగా తెప్పించమని ఆరుసార్లు రాశాను. 2024 ఆగస్టులో జగిత్యాల వైపు నుంచి వచ్చిన రాజన్న అనే స్కాఫోల్డర్, అంటే పరంజా కట్టేవాడు, ఆకలికి పక్కవాడికి చూపకుండానే పులిసిన అన్నం తిని, పరంజా మీద వాంతి చేసుకుని కళ్లు తిరిగి పడ్డాడు. నడుముకు కట్టుకున్న బెల్టు పట్టుకుంది కాబట్టి బతికాడు. ఏడోసారి రాశాను. ఈసారి జవాబు వచ్చింది: "నోటెడ్." ఏడు ఉత్తరాలకు ఒక మాట. పొదుపైన కంపెనీ.

సెప్టెంబరులో హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ దిగింది. కార్మికుల సంక్షేమ కమిటీ పెట్టాలి, దానికి కార్మికులే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. అధ్యక్షుడు ఏడాదికి ఒక్క కోరిక యాజమాన్యం ముందు పెట్టవచ్చు, దాన్ని యాజమాన్యం కాదనకూడదు. సోమవారం సమావేశంలో అధ్యక్షుడికి కుర్చీ ఉంటుంది. ఈ చివరి వాక్యం నేను రెండుసార్లు చదివాను. ఎవరైనా నాలుగింట మూడొంతుల మంది సంతకాలు తెస్తే ఎన్నిక అక్కర్లేదు, ఏకగ్రీవమే. ఎన్నికల అధికారి ఎవరయ్యా అంటే, మరో పని లేనివాడని పేరున్న నేను.

ఇద్దరు నిలబడ్డారు. ఒకరు ఫోర్‌మన్ గంగారాం. సైటులో సగం మందిది ఆయన మండలమో, పక్క మండలమో. ఆయన వాగ్దానం షెడ్డులో క్రికెట్ చూడడానికి పెద్ద టీవీ. రెండో మనిషి కడప ఎలక్ట్రీషియన్ ఖాజా పీర్. ఆయన వాగ్దానం సైటుకే వేడి అన్నం. చూస్తే ఇందులో చర్చించడానికేముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. మనుషుల గురించి నాకు తెలిసింది అంతే అప్పటికి.

అవే రోజుల్లో అమెరికా అధ్యక్ష ఎన్నికలు కూడా జరుగుతున్నాయి. షెడ్డులో ముందు దాని మీద తీర్పు చెప్పాకే మన ఎన్నికకు వచ్చేవారు. ఓటు లేని ఎన్నిక కాబట్టి ప్రతివాడికీ ధైర్యమైన అభిప్రాయం ఉండేది. ఓటున్న ఎన్నిక దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గేది. రాజన్న, అతని రూమ్మేటు సత్తయ్య ఒకనాడు నా ఎదుటే వాదించుకున్నారు.

"అమెరికాల ఎవడన్న గెలవనియ్యి, ఈడ మాత్రం గంగారామన్ననే. మన మండలం," అన్నాడు రాజన్న.

"నువ్వు పరంజ మీదికెల్లి జారినప్పుడు నిన్ను పట్టింది బెల్టా, మండలమా?" అన్నాడు సత్తయ్య.

"బెల్టు కంపెనీది. నాతోని దవాఖానకు అచ్చింది గంగారామన్న."

"అచ్చిండు. అచ్చి ఏం రాయించిండు? పొద్దుగాల నీళ్లు తాగలేదని రాయించిండు. బువ్వ ముచ్చటే లేదు."

రాజన్న నా వైపు చూసి, "పీర్ భాయ్ మంచోడే సార్. మంచోనికి ఎప్పుడన్న ఎయ్యచ్చు ఓటు. రేపు మా అమ్మకు ఏమన్నయితే లీవు కాగితం మీద సంతకం పెట్టేది గంగారామన్ననే గద," అన్నాడు.

అది అర్థం లేని మాట కాదు. లీవు కాగితం ముదీర్ దాకా చేరాలంటే మొదటి సంతకం ఫోర్‌మన్‌దే. అక్కడే తింటున్న పీర్ మాత్రం నవ్వి ఊరుకోలేదు. "అన్నా, నేను మీ మండలమూ కాదు, జిల్లా కాదు. కానీ మీ కడుపూ నా కడుపూ ఒకే బాక్సు తింటాండాయి గదా," అన్నాడు. అందరూ తలూపారు. తలూపడం మావాళ్లలో ఓటు కాదు.

రెండు వారాల తర్వాత నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. గంగారాం రెండు వందల నాలుగు సంతకాలతో ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ఎన్నికల అధికారిని నేను. ఎన్నిక అయిపోయిన సంగతి నోటీసు బోర్డు నాకు చెప్పింది.

సంతకాల జాబితా తెప్పించి చూశాను. రాజన్నది ఉంది. సత్తయ్యది ఉంది. నలభై ఒకటో నంబరు దగ్గర ఖాజా పీర్‌ది ఉంది. తనకు పోటీగా నిలబడ్డవాణ్ణి బలపరుస్తూ సంతకం చేసిన అభ్యర్థిని నేను అంతకుముందు చూడలేదు. పిలిచి అడిగితే పీర్ తెల్లబోయాడు. "అది మీరు ఎండదెబ్బ గురించి చెప్పిన రోజు తిరిగిన కాగితం గదా సార్. రెండు పేజీలుండాయి. రెండిట్లోనూ పెట్టినా."

అప్పుడు అర్థమైంది. ఆ ఉదయం హాజరు పట్టీ కింద రెండో కాగితం పెట్టి, పైన రాసిన శీర్షిక క్లిప్పు కింద మడిచారు. వరుసలో వచ్చిన కాగితం మీద సంతకం పెట్టడం మావాళ్లకు టోపీ పెట్టుకోవడం లాంటిది, చదవరు. ఆ కాగితం చివరన మరో సంతకం కూడా కనిపించింది. కాస్త వంకరగా, కింద గీతతో. ధ్రువీకరించినది నేను.

కాగితం పెట్టింది ఎవరని గంగారాంను అడిగాను. ముదీర్ ఆఫీసు నుంచి వచ్చిందనీ, తాను అట్ట మీద పెట్టానంతేననీ అన్నాడు. "తప్పేముంది సార్, ఎట్లయిన నేనే గెలుస్తుంటి," అన్నాడు. నమ్మకం గల మనిషి.

సోమవారం సమావేశంలో, నిలబడే, ఆ జాబితా చెల్లదని చెప్పాను. ముదీర్ కోప్పడలేదు. చదవకుండా పెట్టిన సంతకాలు చెల్లవంటే ఆకుపచ్చ అలమారాలో ఉన్నవి ఎలా చెల్లుతాయని మర్యాదగా అడిగాడు. ఎండదెబ్బ మీద శిక్షణ అందరికీ ఇచ్చామని ఆ సంతకాలతోనే కదా చూపించావు, రాజన్న పడ్డప్పుడు కంపెనీని కాపాడింది ఆ అలమారాలోని పట్టీలే కదా అన్నాడు. తెలివైన ప్రశ్న. అవీ చెల్లవంటే నా వృత్తి జీవితమంతా ఒక అలమారాడు చెత్త. చెల్లుతాయంటే గంగారాం అధ్యక్షుడు, వచ్చే వేసవికి టీవీ, మళ్లీ పులిసిన అన్నం, ఈసారి బెల్టు పట్టుకుంటుందో లేదో.

"అవును, అవీ చెల్లవు," అన్నాను. "చివరి సంతకంతో సహా."

న్యాయం కోసం అలా అన్నానని ఎవరైనా అంటే నేను అడ్డు చెప్పను. కానీ ఆ గదిలో ఆ రోజు పది కుర్చీలు వేసి ఉన్నాయి. పదోది కొత్త అధ్యక్షుడి కోసం ఖాళీగా ఉంచారు. దాని పక్కనే నేను నిలబడి ఉన్నాను. ఇందులో దాని పాత్ర ఎంతో నాకు తెలుసు.

శిక్షణ రికార్డులు నమ్మదగినవి కావని ఒప్పుకున్నందుకు నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. నాకు కంపెనీ నుంచి సొంత పేరుతో వచ్చిన మొదటి లేఖ అదే. లామినేషన్ చేయించి ఉంచుకున్నాను. హెడ్డాఫీసు ఎన్నిక మళ్లీ పెట్టమంది.

ఈసారి నేను నియమాలు రాశాను. రహస్య ఓటు. అంతకు ముందు రోజు అభ్యర్థులిద్దరూ మధ్యాహ్నం షెడ్డులో పది నిమిషాల చొప్పున మాట్లాడాలి. గంగారాం ముందు మాట్లాడాడు. టీవీ ఎన్ని అంగుళాలో చెప్పాడు, ఎవరెవరికి లీవు ఇప్పించాడో పేర్లతో చెప్పాడు, కూర్చున్నాడు. చప్పట్లు బాగానే పడ్డాయి.

పీర్ లేచి గంగారాం దగ్గరికి వెళ్లాడు. తన బాక్సు మూత తీసి గంగారాం చేతికిచ్చాడు. "అన్నా, చూసి చెప్పు," అన్నాడు.

ఫోర్‌మన్ కాకముందు గంగారాం కూడా పదేళ్లు షెడ్డుల్లోనే తిన్నాడు. ఆ ఆచారం లేని రోజులు కావచ్చు, కానీ బాక్సు చేతికిస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. వాసన చూశాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఉంది" అంటే అక్కడున్న రెండు వందల ముక్కులు అబద్ధమవ్వాలి.

"పోయింది," అన్నాడు.

వెనక నుంచి సత్తయ్య, "ఏంది పోయింది అన్నా, టీవీనా?" అన్నాడు. నవ్వులు ఆగాక గంగారాం బాక్సు కింద పెట్టి, "టీవీ వద్దు. గెలిస్తే బువ్వబండే అడుగుత. ఖలాస్," అన్నాడు. పీర్ చెప్పాల్సింది ఇంకేమీ మిగల్లేదు. ఉన్న ఒక్క వాగ్దానాన్నీ ఎదుటివాడికి బాక్సులో పెట్టి ఇచ్చేశాడు.

మరునాడు పదకొండు ఓట్ల తేడాతో గంగారాం గెలిచాడు. వేడి అన్నమూ, లీవు సంతకమూ ఒకే మనిషి దగ్గర దొరుకుతుంటే ఇద్దరెందుకని రాజన్న నాకు వివరించాడు. ఇంత చేసి నేను తెచ్చింది నోటీసు బోర్డు మీద ముందే ఉన్న ఫలితమే. పీర్‌ను ఓదార్చబోతే, "బండొస్తాండాది గదా సార్, నాకు కుర్చీతో ఏం పని," అన్నాడు. నన్ను ఉద్దేశించి అన్నాడని అనుకోను. అలా అని మర్చిపోనూ లేదు.

డిసెంబరులో బండి వచ్చింది. చలికాలంలో. ముదీర్ రిబ్బను కత్తిరించాడు. ఫొటోకు అడ్డం వస్తోందని బండి పక్కనున్న ఆరెంజ్ కోను తీయమని నాతో చెప్పాడు. తీశాను, ఫొటో అయ్యాక మళ్లీ పెట్టాను. మరుసటి మే నెలలో, అసలు ఎండలు మొదలయ్యాక చూశాను. షెడ్డులో ఎవరూ బాక్సు పక్కవాడికి ఇవ్వడం లేదు. నా రిజిస్టరులో ఆ నెల వాంతి, కళ్లు తిరగడం అన్న గడులు ఖాళీగా ఉన్నాయి.

ఆ ఎన్నిక తర్వాత నేను పద్ధతి మార్చాను. టాక్ అయ్యాక వరుసలోంచి ముగ్గురిని పిలిచి, విన్నది తిరిగి చెప్పమనేవాణ్ణి. ముగ్గురూ చెబితేనే పట్టీ తిరిగేది. లేకపోతే మళ్లీ మొదటి నుంచి. పని ఆలస్యమవుతోందని ఇంజినీర్లు గొణిగారు. ఆ ఏడు తనిఖీలో నా మార్కులు తగ్గాయి, పట్టీలు తక్కువగా ఉన్నాయని. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: సంతకం అనేది ఆ మనిషి ఆ పొద్దున ఆ వరుసలో ఉన్నాడని చెబుతుంది. ఏం విన్నాడో, ఏం ఒప్పుకున్నాడో తెలియాలంటే అడగాలి. పెట్టించుకున్నవాడి సంతకం కూడా అంతే.

2025 జూన్‌లో రిటైరయ్యాను. చివరి రోజు పెద్ద వీడ్కోలు కార్డు ఇచ్చారు, రెండు వందలకు పైగా సంతకాలతో. ఎప్పుడు పెట్టారని రాజన్నను అడిగితే, "పొద్దుగాల లైన్ల తిప్పిన్రు సార్," అన్నాడు. ముగ్గురిని పిలిచి కార్డులో ఏం రాసుందో చెప్పమన్నాను. ఇద్దరు నేల చూశారు. మూడోవాడు సత్తయ్య. "మీరు పోతున్నరని రాసున్నది సార్," అన్నాడు.

ముగ్గురిలో ఒక్కడు. నా పద్ధతి ప్రకారం అది తప్పినట్టే, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. అప్పటికే బస్సు హారన్ కొడుతోంది.