ఫ్లెక్సీకెక్కిన సమాధులు

మా నాయన సర్వే ఆఫీసులో పటాలు గీసే పని చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో ఆయనకు ఇప్పటికీ తెలియదు గానీ, జమ్మలమడుగు చుట్టుపక్కల ఏ రాయి ఏ గట్టు మీదుందో నిద్రలేపి అడిగినా చెబుతాడు. ఆఫీసు మారేటప్పుడు చెత్తలో వేసిన ఒక పాత మ్యాపును పై అధికారిని అడిగి, ప్రొద్దుటూరులోని మా ఇంటికి తెచ్చుకున్నాడు. దొరల కాలంలో గీసిన పటం. వెనక గుడ్డ అంటించిన మందపాటి కాగితం. పెన్న ఒడ్డున రెండు గుట్టలు, వాటి మీద చిన్న చిన్న సున్నాలు. ఒక్కో సున్నా ఒక్కో సమాధి.

ఇనుము కొత్తగా వాడకంలోకి వచ్చిన కాలంలో మనుషులు నాలుగు బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ మూసి, లోపల తమవాళ్ల ఎముకలు పెట్టుకున్న గూళ్లవి. ఊళ్లోవాళ్లు రాక్షస గుళ్లంటారు. చాలావరకు మట్టిలో కూరుకుపోయి, కంపచెట్లు కమ్ముకుని, పక్కన నిలబడినా కనపడవు.

మొదటి గుట్ట దగ్గర కంకర మిషను పెడతారని తెలిసినప్పటి నుంచి నాయనకు తిండి సహించలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పులివెందుల పెద్దల దగ్గరికి కూడా పోయి వచ్చాడు. అందరూ కాఫీ ఇచ్చి పంపించారు. చివరికి ఆయనకు తట్టిన ఉపాయం ఫ్లెక్సీ. మా వైపు పుట్టినరోజుకూ ఫ్లెక్సీయే, పెద్దకర్మకూ ఫ్లెక్సీయే. ఈ చచ్చినవాళ్లకు మాత్రం ఎందుకుండకూడదనుకున్నాడు పాపం. మ్యాపులోని మొదటి గుట్టను పెద్దది చేయించి, సున్నాలన్నీ ఎర్రరంగులో దిద్దించి, పూర్వీకుల సమాధులను కాపాడుకుందామని రాయించి, గుట్ట కిందున్న పల్లె బస్టాండులో కట్టించాడు. అందరికీ అర్థం కావాలని, నీళ్ల ట్యాంకు నుంచి ఏ సమాధి ఎటు ఎంత దూరమో కూడా వేయించాడు.

“ఎవురికీ తెలీకపోతే ఎవురు కాపాడతారమ్మా?” అన్నాడు నాతో.

జనం ఫ్లెక్సీ ముందు నిలబడి ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారని తెలిసి మురిసిపోయాడు.

అమావాస్య వెళ్లిన తెల్లారి పల్లె నుంచి ఫోన్ వచ్చింది. నాయనా నేనూ బస్సెక్కి పోయాం. గుట్టంతా గుంతలు. పైబండలు తిరగబడి ఉన్నాయి. గుంతల అంచున కోసిన నిమ్మకాయలు, కుంకుమ, కోడి ఈకలు. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు చేసే పూజ అది. వాళ్ల మొహం, బంగారం ఎక్కడుంటుంది అక్కడ? కుండపెంకులు బయట పారేసి, ఎముకలు తొక్కుకుంటూ పోయారు. పాలపళ్లున్న ఒక చిన్న దవడ, చెప్పు గుర్తులో అణిగి కనిపించింది.

నాయన ఏడవలేదు. ఫ్లెక్సీలో ఎర్ర సున్నా ఉన్న ప్రతిచోటా గుంత ఉంది. వేరే ఎక్కడా ఒక్క గడ్డపార పోటు లేదు. “కొలత తప్పలేదు,” అన్నాడు. తవ్విన నా కొడుకులను అక్కడే పాతిపెట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

పోలీసులు వచ్చి రాసుకుని పోయారు. కొన్నాళ్లకు ఇద్దరు మనుషులు మా ఇంటికే వచ్చారు. మర్యాదగా చెప్పులు బయట విడిచి కూర్చున్నారు.

“సార్, మీ తాన పాత మ్యాపు ఉండాదంట గదా,” అన్నాడు వాళ్లలో పెద్దవాడు. “ఫ్లెక్సీలో ఒక గుట్టే ఏసినారు. రెండోది యాడుండాది?”

“ఎందుకప్పా?”

“ఊరికే, సూచ్చాం సార్. పాతకాలం సంగతులంటే శానా ఇష్టం మాకు.”

“మ్యాపు మ్యూజియం వాళ్లకు ఇచ్చేసినా.” మా నాయన నోట అబద్ధం వినడం నాకదే మొదటిసారి.

వాడు నవ్వాడు. “ఎతికి పెట్టండి సార్. మళ్లొస్తాం లే,” అన్నాడు. ఇచ్చిన మంచినీళ్లు తాగి ఇద్దరూ లేచారు.

మర్నాడు నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి నాయన పెరట్లో బకెట్టు ముందు కూర్చుని ఉన్నాడు. బకెట్టులో మ్యాపు నానుతోంది. సర్వేవాళ్ల ఇళ్లలో పనికిరాని పటాలను అలాగే నానబెట్టి, కాగితం ఊడదీసి గుడ్డను వాడుకునేవాళ్లు. మా చిన్నప్పటి చేతిరుమాళ్లన్నీ అవే. ఆయన గోటితో కాగితాన్ని గీకుతున్నాడు. పెన్న పోయింది. గుట్టలు పోయాయి.

“ఏం చేస్తాండావు నాయనా?” అని చెయ్యి పట్టుకున్నాను. దానికి ఇంకో ప్రతి ఎక్కడా లేదని చెప్పింది ఆయనే.

“ఇంగ ఎవురికీ దావ తెలీదులేమ్మా,” అన్నాడు. గుడ్డను పిండి తీగ మీద ఆరేశాడు.

“వాళ్లు మళ్లొస్తామన్న్యారు గదా,” అన్నాడు. “నాకు తెలుసు గదమ్మా, ఆడ యాడేముందో. కొడితే చెప్పేస్తానేమో.”