గెలవకూడని ఆట

ఆ రోజుల్లో మా ఇంట్లో మిగిలిన ఆస్తి నిటారుగా ఉన్న మూడు వెన్నెముకలు. నాయనది, అమ్మది, నాది. (అమ్మది నిజానికి నడుము నొప్పి వల్ల వంగేది కాదు, అయినా ఆస్తిలో కలుపుకునేవాళ్ళం.) మద్రాసు చింతాద్రిపేటలో ఒకప్పుడు సగం వీధి మాదేనని నాయన చెప్పేవాడు. నాకు ఊహ తెలిసేసరికి అదే వీధిలో ఒక ఇంటి వెనక భాగంలో, కూవం అనే మురికి ఏటి వైపు కిటికీ ఉన్న రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. ఎంత వాసన వచ్చినా ఆ కిటికీ మూయడం నాయనకు నామోషీ. "పక్కింటోళ్ళు మూసుకుంటారు. మనం మూస్తే ఎట్ల?" అనేవాడు. డిగ్రీ అయ్యాక చాలాకాలం నేను ఉద్యోగం చెయ్యలేదు. దొరక్క కాదు, ఒకరి కింద పని చెయ్యడం మా వంశంలో లేదు కాబట్టి. (దొరకనూ లేదు.)

అద్దె కట్టలేని స్థితి వచ్చాక మా మామ, అంటే అమ్మ తమ్ముడు, మాధవరం నుంచి వచ్చి చాలా ప్రేమగా ఒక మాటన్నాడు. "మేడమీద రెండు గదులు ఊరికే పడుండాయి బావా. వచ్చి ఉండండి. అద్దె మాట ఎత్తొద్దు." నాయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. బావమరిది మేడమీద ఊరికే ఉండడానికీ, సెంట్రల్ స్టేషను ముందు తువ్వాలు పరుచుకుని కూర్చోవడానికీ ఆయన దృష్టిలో తేడా లేదు. ఉంటే గింటే, స్టేషను ముందు గాలి బాగా వస్తుంది. మర్నాడు నేను ఉద్యోగం వెతుక్కుంటూ చూలై బజారుకు వెళ్ళాను.

అది తలుపుల బందులు, గడియలు, తాళాలు టోకున అమ్మే కొట్టు. కంప్యూటరులో బిల్లులు వెయ్యడం నా పని. యజమానిని అందరూ మొదలాళి అనేవారు. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆడి అమావాస్య దాకా చూస్తా. సరిపోతే ఉంటావు, లేకుంటే పోయిరా" అన్నాడు. (ఆడి అంటే అరవల ఆషాఢం.) నేను కుర్చీలో కూర్చునే తీరు చూసి మొదటిరోజే నాకు 'జమీను', అంటే జమీందారు, అని పేరు పెట్టాడు. (అది వెక్కిరింపని నాకు చాలారోజుల దాకా తెలియలేదు. మా సంగతి ఈయనకెట్లా తెలిసిందా అని లోలోపల మురిసిపోయాను.) ఉద్యోగం నిలబడితే చింతాద్రిపేట, పోతే మాధవరం మేడ. నాయన పైకి ఏమీ అనకపోయినా, గోడమీది క్యాలెండరులో అమావాస్య వైపు చూస్తూ అన్నం తినేవాడు.

మధ్యాహ్నం భోజనాల తరవాత కొట్టులోకి ఈగలు తప్ప గిరాకీ వచ్చేది కాదు. అట్లాంటి ఒక మధ్యాహ్నం, పాతకాలపు ఆర్కేడ్ ఆటలన్నీ బ్రౌజర్‌లోనే ఊరికే ఆడుకోనిచ్చే పేజీ ఒకటి నా కంటబడింది. డబ్బు అడగదు, పేరు అడగదు. మన పేరు అడగని చోట మనకేం పని అని ఒక్క క్షణం సందేహించాను కూడా. తరవాత ఒక ఆట మీద నొక్కాను. కింద మన ఓడ ఒక్కటే ఉంటుంది. పైనుంచి పురుగుల్లాంటి ఓడలు బారులు తీరి దిగుతుంటాయి. కాల్చేకొద్దీ ఇంకా వేగంగా దిగుతాయి, నేల దాకా వచ్చాయంటే మన పని అయిపోయినట్టే. మా వంశచరిత్ర కూడా ఇంచుమించు ఇదే కాబట్టి ఎవరూ నేర్పకుండానే నాకు అర్థమైంది. కొద్దిరోజుల్లో బాగానే ఆడడం వచ్చేసింది. నేను పుట్టాక మా కుటుంబం దేంట్లోనైనా పైకి వెళ్ళడం అదే మొదలు.

ఒకరోజు వెనకనుంచి మొదలాళి గొంతు వినబడింది. "ఏం జమీను, బిల్లుల్లో పురుగులు పడినాయా?"

లేచి నిలబడ్డాను. మాధవరం మేడ మెట్లు కళ్ళముందు కనబడ్డాయి. ఆయన మాత్రం తెరనే చూస్తున్నాడు. "చిన్నప్పుడు ఎగ్జిబిషన్‌లో దీన్ని ఆడినాను. కాసు వేస్తేనే కదిలేది. ఇది ఊరికేనా?"

"ఊరికేనే సార్."

"ఓసీయా?" అన్నాడు. (మద్రాసులో డబ్బివ్వకుండా దొరికేదాన్నంతా అట్లాగే అంటారు.) ఆ మాట ఆయన నోట్లో జిలేబీలా పలికింది. "రెండు మంది ఆడచ్చా?"

"ఒకరి తరవాత ఒకరు ఆడచ్చు సార్."

"మరి లేచి నిలబడినావేంది? జరుగు."

ఆ రోజునుంచి మధ్యాహ్నాలు మొదలాళివి. అంత అధ్వాన్నంగా ఆడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. గుళ్ళు పడేచోటికే ఓడను వెతికి మరీ తీసుకుపోయేవాడు. మొదట్లో నేను నా పద్ధతిలో ఆడి, వరసగా ఓడించాను. ఓడిన ప్రతిసారీ ఆయన గల్లాపెట్టె దగ్గరికి పోయి ఎవరో ఒకరిని తిట్టేవాడు. చివరికి లెక్కలు రాసే పెద్దాయన నన్ను గోదాములోకి పిలిచాడు.

"తంబీ, నీకు అమావాస్య తరవాత ఈడ ఉండాలని ఉండాదా లేదా?"

"ఉండాదండీ."

"ఆయన్ని గెలవనియ్యి. నువ్వు పురుగుల్ని కాలుస్తావు, ఆయన వచ్చి మమ్మల్ని కాలుస్తాడు. ఈ వయసులో నాకెందుకు చెప్పు."

తలవంచని వంశంలో పుట్టినవాణ్ణి, తెరమీద తలవంచితే మాత్రం ఏమిటని నాకు నేను చెప్పుకుని ఓడడం మొదలుపెట్టాను. అదేమీ సులభం కాదు. ఆట మొదలైన మరుక్షణం చచ్చే మనిషికన్నా ముందు చావాలి, పైగా పోరాడి చచ్చినట్టు కనబడాలి. రోజూ ఇంటికి వెళ్ళి అద్దంలో ముఖం చూసుకోవడానికి సిగ్గేసేది. నాయన మాత్రం ఉత్సాహంగా అడిగేవాడు. "ఈ పొద్దు కూడా పక్కన కుర్చీ వేసి కూచోబెట్టుకున్నాడా?" అవునంటే, "మనిషి విలువ తెలిసినోడు" అని తృప్తిగా తలూపేవాడు. ఏం చేస్తారక్కడ అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

అమావాస్య ముందురోజు మధ్యాహ్నం ఆట మధ్యలో కొట్టు గుమ్మంలో జరీ అంచు ఉత్తరీయం కనబడింది. నాయన. కొడుకు కుర్చీ చూసిపోదామని వచ్చాడట. నా ప్రాణం పోయింది. మొదలాళి మర్యాదగా లేచి, "రండయ్యా, కూర్చోండి. మీవోడితో ఒక ఆట ఆడతావుండాను, చూడండి" అన్నాడు. నాయన నా వెనకే నిటారుగా కూర్చున్నాడు. కాసేపు చూసి, మెల్లగా నా చెవిలో, "దీంట్లో ఎవరు గెలుస్తావుండారు?" అన్నాడు.

అప్పుడు నాలో ఏదో తెగింది. పోతే పోయింది ఉద్యోగం, నాయన చూస్తుండగా గడియలమ్మే మనిషికి ఓడేది లేదనుకున్నాను. మాధవరం మేడకైనా పోదాం, గెలిచి పోదాం అని పళ్ళు బిగించి ఆడాను. కాని అన్ని రోజులు ఓడడం నేర్చుకున్న వేళ్ళు నా మాట వినలేదు. కుడికి పోవాలనుకుంటే ఎడమకు పోయాయి. తప్పించుకోవలసిన చోట ఆగాయి. మొదలాళి ఆ రోజు, జీవితంలో మొదటిసారి, ఒక వరస మొత్తం కాల్చాడు. నేను ఓడిపోయాను. గెలవాలని ఆడి, చెమటలు కారుస్తూ, నిజంగా ఓడిపోయాను.

మొదలాళి ముఖం వెలిగిపోయింది. "మీవోడు మంచోడయ్యా. దేనికీ ఎదురు మాట్లాడడు. ఇంక ఈడే ఉండనియ్యండి" అన్నాడు. నాయన లేచి నమస్కారం పెట్టాడు. ఆయన ఎవరికైనా ముందుగా చేతులు జోడించడం నేను అంతకుముందు చూడలేదు.

ఇద్దరం నడిచే వచ్చాం. కూవం వంతెన దగ్గరికి వచ్చాక నాయన నడక నెమ్మదించింది. అక్కడ పిట్టగోడ మీద చెయ్యి వేసి ఆగాడు.

"మా తాత దగ్గర చదరంగం ఆడేదానికని ఒకాయన ఉండె. ఓడేదే ఆయన పని. దానికే జీతం, పండక్కి పంచెలు. మా తాతకి ఆట ఒక ముక్క రాదు. ఆయనకి ఓడాలంటే ఎంత నేర్పుండాల చెప్పు. కావాలనే ఓడతావుండాడని అనుమానం వస్తే పంపించేసేవాడు. అట్ల శానా మంది పోయినారంట." నావైపు తిరిగాడు. "నువ్వు బాగా ఓడినావు నాయనా. కూడా కూచున్న నాకే మొదట అనుమానం రాలేదు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను గెలవాలనే ఆడాను నాయనా అని నోటిదాకా వచ్చింది. కడుపు కోసం తలవంచాడనుకోనివ్వడమా, తలెత్తి ఆడినా చేతకాలేదని చెప్పడమా, రెండింట్లో ఏది ఎక్కువ తలవంపో ఇల్లు చేరేదాకా తేల్చుకోలేకపోయాను. అమ్మ తలుపు తీసింది. "నిలబడింది" అన్నాడు నాయన. ఆమె మామకు ఫోను చేసి, ఆ గదులు ఎవరికైనా అద్దెకిచ్చుకోమని చెప్పింది.

నేనింకా ఆ కొట్టులోనే ఉన్నాను. ఇప్పుడు మొదలాళి కొడుకు చూసుకుంటున్నాడు. అతనికి ఆటల మీద ధ్యాస లేదు కాబట్టి నిజంగానే బిల్లులు వెయ్యవలసి వస్తోంది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఎప్పుడైనా ఆ పేజీ తెరుస్తాను. ఇప్పటికీ డబ్బడగదు, పేరడగదు. పక్కన ఎవరూ లేరు, ఓడవలసిన అవసరమూ లేదు, అయినా మొదటి వరస దాటకముందే చస్తున్నాను. ఆ వంతెన మీద, కుర్రతనంలోనే, నాయనకు నిజం చెప్పేసి ఉంటే పోయేదేమో అనుకుంటాను. అంతలోనే, లోకంలో ఒక్క మనిషైనా నన్ను గొప్ప ఆటగాడనుకున్నాడు కదా, దాన్నెందుకు చెడగొట్టడం అని నవ్వుకుని, బిల్లులు తెరుస్తాను.