చివరి దమ్ములో లవంగం

అరవై దాటాక గానీ నేను అక్షరాలు నేర్చుకోలేదు. అందుకే ఇన్నేళ్లూ ఈ ముచ్చట రాయలేకపోయాను.

అప్పటికి నాకు పదిహేనేళ్లు. నిజాం పాలన చివరి రోజులు. మా బాపును సిపాయిలు పట్టుకుపోయి మూడు నెలలైంది; ఇంట్లో నన్ను కన్న అవ్వ, నేను మిగిలాం. పోయేటప్పుడు నేను చుట్టిచ్చిన చుట్టల కట్ట ఆయన రుమాలులో ఉంది.

సిద్దిపేటలో బస్సు కోసం కూర్చుంటే, నా పక్కన ఒక ముసలాయన చుట్ట ముట్టించాడు. ముందు కాగిన బెల్లం వాసన వచ్చింది, తరువాత ఆకు అంటించే చింతగింజ జిగురు కాలిన వాసన. పొగాకు మీద బెల్లం నీళ్లు చల్లడం అందరూ చేసేదే. అయినా నా చూపు ఆ చుట్ట మీదే ఉండిపోయింది.

“ఏంది బిడ్డా, ఒక దమ్ము కొడ్తవా?” అని నవ్వాడు.

“వద్దు తాతా. ఆఖరుకు లవంగం ఘాటు వస్తదా అని చూస్తున్న. మా బాపుకు నేను అట్లనే పెట్టి చుడ్త.”

ఆయన నవ్వు ఆగిపోయింది. “జైలుల గిది నాకిచ్చినాయన గదే మాట చెప్పిండు. నా బిడ్డె పెడ్తదన్నడు.”

“మా బాపు ఎట్లున్నడు తాతా?”

“జరమొచ్చింది బిడ్డా,” అన్నాడు. చుట్టను రాతికి ఆనించి ఆర్పి, మిగిలిన ముక్క నా చేతిలో పెట్టి బస్సెక్కాడు. లవంగం ఇంకా కాలలేదు.

మరునాడు పొద్దున్నే, పోయినవాళ్లకు పెట్టినట్టు ఆకులో బువ్వ పెట్టి, పక్కన ఆ ముక్క ఉంచి, కాకుల కోసం గోడ మీద పెట్టాను. అవ్వ చూసింది. ఆకు పక్కన చెంబుతో నీళ్లు పెట్టింది.