చింతపండుతో తోమిన రూపాయి

నా చిన్నప్పుడు, చింతపండుతో తోమితే బాగుపడని వస్తువు లోకంలో లేదని గట్టిగా నమ్మేదాన్ని. ఇంట్లో ఇత్తడి చెంబులు, రాగి బిందె తోమే పని నాదే. చింతపండులో ఇటుకపొడి కలిపి ఒక్క పట్టు పడితే చెంబులో నా పళ్లు కూడా కనిపించేవి. ఎవరైనా చూసి మెచ్చుకుంటే ఆ పూట నేను నేల మీద నడిచేదాన్ని కాదు. ఆ గొప్పే ఒకసారి మా అవ్వను నిలువునా ముంచినంత పని చేసింది. అవ్వ అంటే నానమ్మ కాదు, మా సుల్తానాబాద్ వైపు కన్నతల్లినే అవ్వ అంటాం.

అవ్వ దగ్గర నల్లబడిన వెండి రూపాయి ఒకటి ఉండేది. నిజాం కాలం నాటిది, ఒకవైపు చార్మినార్ బొమ్మ. మా అమ్మమ్మ చనిపోయే ముందు ఆఖరిసారి కూతురి కొంగులో పుట్టింటి దీవెనగా ఒడిబియ్యం పోసినప్పుడు ఆ బియ్యంలో పెట్టిన రూపాయి అది. బియ్యం వండుకుని తిన్నాం, పెట్టిన చీర కట్టి కట్టి చిరిగిపోయింది. రూపాయి మాత్రం పెట్టె అడుగున చిన్న గుడ్డలో ముడివేసి ఉండిపోయింది.

ఆ ఏడు నాట్లు వేసి వేసి అవ్వ నడుము పట్టేసింది. కుట్టుమిషను ఉంటే పొలం పని మానుకుని ఇంట్లోనే బట్టలు కుట్టుకోవచ్చని అందరూ అన్నారు. మా బాపు, అంటే నాన్న, రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు, మిషను కొనే స్తోమత లేదు. పాత రూపాయి ఉంది కదా, అమ్ముదామని ఎవరు మొదలుపెట్టారో గానీ, వారం తిరిగేసరికి ఇంట్లో అదే మాట. అవ్వ కాదనలేదు. సరే అన్నది. ఆ సరే ఎంత చిన్న గొంతుతో అన్నదో ఆ రోజు నాకు వినపడలేదు.

బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. ఊరంతటికీ చాచా, నాకు మాత్రం గడియారాల తాత. పాత నాణేలంటే ఆయనకు ప్రాణం. కంటికి అద్దం తగిలించుకుని అవ్వ ఇచ్చిన రూపాయిని చాలాసేపు చూశాడు. చార్మినార్ గుమ్మంలో ఒక చిన్న అక్షరం ఉంటుందని, ఏ నవాబు కాలంలో అచ్చు వేశారో అదే చెబుతుందని నాకూ చూపించాడు. ఈ తీరు అక్షరం కొన్నాళ్లే నడిచిందట, పైగా దండలో వేసుకోవడానికి కొండి అతికించిన మచ్చ కూడా లేదట. వెండి ధరకు ఎన్నో రెట్లు ఇస్తానని, వచ్చే వారపు అంగడికి రమ్మన్నాడు. పాత మిషను ఒకటి వచ్చేంత మాట అది.

ఇక నా తెలివి మొదలైంది. నల్లటి రూపాయికే అంత ఇస్తే తెల్లటి దానికి ఎంత ఇవ్వాలి? అంగడి ముందు రోజు అవ్వ నాటుకు పోగానే పెట్టె తెరిచాను. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు తీసుకుని, చేతులు నొప్పి పుట్టేదాకా తోమాను. రూపాయి తళతళలాడింది. మళ్లీ గుడ్డలో ముడివేసి, మర్నాడు అందరూ ఆశ్చర్యపోవాలని నోరు మూసుకున్నాను.

మర్నాడు తాత ముడి విప్పాడు. ఆశ్చర్యపోయాడు కూడా, కానీ నేననుకున్నట్టు కాదు.

"అరె బేటీ, గిదెవలు తోమిండ్రు?"

అవ్వ నా వైపు చూసింది. నా గోళ్ల సందున ఇటుకపొడి ఇంకా ఎర్రగానే ఉంది. గుమ్మంలోని అక్షరం అరిగి గీతలా మిగిలిందని, నాణెం నిండా గీతలు పడ్డాయని తాత చెప్పాడు. మళ్లీ నల్లగా చేయమని ఏడుస్తూ ఆయన కాళ్లు పట్టుకున్నాను.

తాత నన్ను లేపి, ఒక డబ్బీలోంచి రెండు నల్ల రూపాయలు తీసి నా అరచేతిలో పెట్టాడు. వాటిలో దానంతటదే నల్లబడింది ఏదో చెప్పమన్నాడు. నాకు తెలియకపోతే ఆయనే చూపించాడు. ఒకదాని నలుపు గుంటల్లో చిక్కగా, వేళ్లు తగిలే ఎత్తుల్లో పలుచగా ఉంది. రెండోదాని నలుపు అంతటా ఒక్కతీరుగా ఉంది. తోమిన రూపాయిని ఉడికిన గుడ్డు సొనతో డబ్బాలో మూసిపెడితే అలా నల్లబడుతుందట.

"గిట్లనే ఒకడు నన్ను ముంచిండు. గిప్పుడు నేను ఇంకొకలను ముంచాల్నా బిడ్డా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

తర్వాత ఆయన అవ్వ వైపు తిరిగాడు. ఇప్పుడిక వెండి ధరే ఇవ్వగలనని చెప్పబోయి, మధ్యలో ఆగి ఆమె ముఖంలోకి చూశాడు.

"అసలు నీకిది అమ్మబుద్ధయితుందా బిడ్డా?"

అంతవరకు అవ్వను ఆ మాట ఎవరూ అడగలేదు. బాపు అడగలేదు, ఇరుగుపొరుగు అడగలేదు, నేనైతే ఆ ఊసే ఎరగను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "లేదు చాచా. మా అవ్వ పోసిన ఆఖరి ఒడిబియ్యంల రూపాయి. వారం నుంచి కంటికి కునుకు లేదు" అన్నది.

తాత రూపాయిని గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "ముందుగాల నేనే అడగాల్సింది. అక్షరం జూసిన గని నీ మొఖం జూడలే" అన్నాడు.

దారి పొడుగునా దెబ్బల కోసం వీపు బిగబట్టుకుని నడిచాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "మంచిగ తోమినవ్ తీ" అన్నది. బరువు దించుకున్న మనిషి నవ్వు అది. నేనూ ఏడుపు ఆపుకోకుండానే నవ్వాను. ఆ వానాకాలం అంతా అవ్వ నాట్లకు పోయింది, నడుముకు నూనె రాసే పని నేనే అడిగి తీసుకున్నాను. మిషను రెండేళ్లకు వచ్చింది, రెండు మేకలు అమ్మాక.

తాత దుకాణం చుట్టూ తిరిగి నాణేలు చూడడం కొంత నేర్చుకున్నాను. ఇప్పుడు ఫోన్లో ఏవేవో చూసి, పాత బిళ్లకు లక్షలు వస్తాయని మా వీధివాళ్లు నా దగ్గరికి పరుగెత్తుకొస్తారు. చాలావాటికి వాటి మీద రాసినంత కూడా రాదని చెప్పి పంపిస్తాను. ఎప్పుడో ఒకసారి నిజంగా విలువైనది వస్తుంది. అప్పుడు అద్దం పక్కన పెట్టి, తెచ్చిన మనిషి ముఖం చూస్తాను. మొన్న పక్కింటి కోడలు తన నానమ్మ దాచిన రూపాయి తెచ్చింది. ధర చెప్పమని మూడుసార్లు అడిగింది. "చెప్త గని, నీకిది అమ్మబుద్ధయితుందా బిడ్డా?" అన్నాను. ఆ పిల్ల గట్టిగా ఊపిరి వదిలి, ధర తెలుసుకోకుండానే రూపాయిని పిడికిట్లో పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.