కర్పూరం పట్టిన కోరికలు

ఆ రోజుల్లో మా తరానికి జీతం ఒక్కటే చాలేది కాదు, జీవితం కూడా కావాలి. మధ్యలో ఉన్న ఆ ఒక్క ‘వి’ కోసమే నా విసుగంతా. డిగ్రీ అయ్యాక తమిళనాడులోని మా గుడియాత్తం నుంచి పళ్ళికొండ మీదుగా రోజూ బస్సులో వేలూరికి వెళ్ళి, ఒక లుంగీల హోల్‌సేల్ కొట్లో ఆర్డర్లు చూసేదాన్ని. యజమానిని అందరం ముదలాళి అనేవాళ్ళం. మంచి మనిషే, ఆదివారం కూడా రమ్మని ఎంతో ప్రేమగా చెప్పేవారు.

ఇంతలో బెంగళూరు కంపెనీ ఒకటి పిలిచింది. ఆయుధపూజ లోపల జవాబు చెప్పాలి. నాకేమో ఊరు వదలాలని లేదు. అందుకని ఒక నెల ముందే నా కోరికలు కాగితం మీద పెట్టాను: శనివారం సెలవు, వేళల్లో కాస్త సడలింపు, కొత్త పని నేర్చుకునే వీలు, బాగా చేస్తే ఒక మెచ్చుకోలు. ముదలాళిదీ మా ఇంటి భాషే కదా, మనసు కరుగుతుందని తెలుగులో రాశాను. (తాత నేర్పిన గుండ్రటి అక్షరాలు, గర్వం మరి.) ఆయన కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“అయ్యా, ఆ కాగితం చూసినారా?”

“దినమూ చూస్తా ఉండానమ్మా.”

“మరి ఏమనుకున్నారు?”

“మనం అనుకునేదానికి ఏముండాది? అంతా ఆయన చిత్తం.”

ఎవరా ఆయన? కొన్నాళ్ళు మా ఆడిటర్‌ను అనుమానించాను.

పూజ రోజు కాటాకు, కంప్యూటరుకు, చివరికి స్టేప్లరుకు కూడా గంధం బొట్లు పెట్టారు. దేవుడి పటాల మధ్య, ఫ్రేము కట్టించి, నాలుగు మూలలా పసుపుతో, మల్లెపూల సరంతో నా కాగితం!

“నువ్విచ్చిన స్తోత్రమే పాపా. నాకు తెలుగు మాట్లాడను వచ్చు, సదవను రాదు. నువ్వే సదువు,” అంటూ ముదలాళి కర్పూరం వెలిగించారు.

“శనివారం సెలవు...” అని మొదలుపెట్టాను. కొట్లో మూటలు మోసే అన్న కళ్ళు మూసుకుని “గోవిందా!” అన్నాడు. చివరి కోరిక దాకా ఆగకుండా చదివేశాను.

ముదలాళి పటం వైపు చూశారు, నా వైపు చూశారు. “బాగా సదివినావమ్మా,” అన్నారు. (నాలుగో కోరిక అక్కడికక్కడే తీరింది.) “మాసం దినాలు ఇంట్లో దీనికి హారతి ఇచ్చినానే! ఇప్పుడు కాదంటే సామి ఊరుకుంటాడా? నెలకి రెండు శనివారాలు తీసుకో, పో.” నేను జోలార్పేట జంక్షన్లో బెంగళూరు రైలెక్కలేదు.

ఇప్పుడు నాకే ఒక చిన్న ఆఫీసు ఉంది. మొన్న మా కొత్తమ్మాయి తన కోరికలు ఫోనుకు పంపింది. ఇంట్లోంచే పనట! మనసు బాగాలేని రోజున సెలవట! నా తల పట్టుకున్నాను. నిన్న “అక్కా, చూసినారా?” అని అడిగింది. “చూస్తా ఉండానమ్మా,” అనేసి నాలుక కరుచుకున్నాను.

చదవడం రాని ముదలాళి రోజూ దండమైనా పెట్టారు. చదవడం వచ్చిన నేను ఆ మెసేజీలో రెండో వరుస దాటనేలేదు.